నాలుగో ముల్లు

"ఫోను అక్కడ పెట్టు, ఎల్స్పా."

మా ఆయన హానుస్ నా చెయ్యి పట్టుకోలేదు. ఫోను మీద తన అరచెయ్యి బోర్లించాడు, అంతే. వలలు లాగి లాగి వెడల్పైన ఆ చేతి కింద ఫోను కనపడనే లేదు.

"తియ్యి చెయ్యి."

"ఎవరికి చేస్తావు? కంపెనీకా? చేసి ఏం చెప్తావు? మావాడికి షుగరుంది, రోజూ పొట్టలో ఇన్సులిన్ సూది పొడుచుకుంటాడు, ఆ సంగతి దాచి మీ ఓడ ఎక్కాడు అని చెప్తావా?"

"వాచీ సంగతి చెప్తాను."

"వాచీ తప్పయితే మీకంత కంగారెందుకమ్మా అంటారు. అప్పుడు?"

ఓవెన్‌లో గొర్రెతొడ మాడుతున్న వాసన వస్తోంది. ఎవరూ లేవలేదు. కోడలు రన్వా బల్ల దగ్గర కూచుని ఉడికిన బంగాళాదుంపల తొక్క తీస్తోంది. పొగలు కక్కుతున్న దుంపలు. వేళ్ళు కాలుతున్నా వదలడం లేదు.

బల్ల మధ్యలో నా వాచీ ఉంది.

దానికి నాలుగు ముళ్ళు. గంటలది, నిమిషాలది, సెకన్లది, ఇంకా ఒక ఎర్రది. ఎర్రది రోజుకొక్కసారే చుట్టు తిరుగుతుంది, ఇంకో ఊరి టైము చూపించడానికి. మా అబ్బాయి హోగ్నికి ఒకటి, నాకొకటి, జతగా తెప్పించాం. ఓడ ఎక్కేది సింగపూరులో కాబట్టి నా ఎర్ర ముల్లు ఆ టైముకి పెట్టి ఇచ్చాడు వాడు. తనదాన్ని ఇంటి టైముకి పెట్టుకున్నాడు. "నేనెక్కడున్నా ఈ ఎర్రది మాత్రం మన వంటింట్లోనే ఉంటుందమ్మా" అన్నాడు.

నిన్న విమానమెక్కాడు. ఆ హడావిడిలో ఈ రోజునుంచి వేసవి టైము, గడియారాలు గంట ముందుకి జరపాలి అని ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. మేం చర్చికి చేరేసరికి జనం బయటికి వస్తున్నారు. హోగ్ని ఓడ కెప్టెన్ పెళ్ళాం సున్నెవా మెట్ల మీదే ఉంది. "ఏమే ఎల్స్పా, ఓడలవాళ్ళ కొంపయ్యుండి టైము తెలీదా? దేవుడు నీకోసం చూసి చూసి ఇప్పుడే వెళ్ళాడు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి కోటైనా విప్పకుండా వాచీ సరిచెయ్యబోయాను. పక్కనున్న బుడిపె పూర్తిగా లాగి ఒక గంట ముందుకు తిప్పాను.

ఎర్ర ముల్లు కూడా కదిలింది.

కదలకూడదు. సింగపూరులో ఎవరూ గడియారాలు మార్చుకోలేదు. మళ్ళీ తిప్పాను. రెండు గంటలు, ఐదు గంటలు. తల్లి వెనక గొర్రెపిల్ల నడిచినట్టు ఎర్రది వెనకాలే నడిచింది. అక్కడే చెప్పుల బల్ల మీద కూచుని ఇంకోసారి తిప్పి చూశాను.

"అత్తయ్యా, ఇంకోసారి చెప్పండి. నిదానంగా" అంది రన్వా, దుంప మీంచి కళ్ళెత్తకుండా.

"నిదానంగా చెప్పే విషయమా ఇది? వాడు సింగపూరులో దిగగానే ఏం చేస్తాడు? పెద్ద ముళ్ళని అక్కడి టైముకి తిప్పుతాడు. వాటితోపాటు వాడి ఎర్రదీ ముందుకి పోతుంది. ఇంటి టైము అనుకుని వాడు చూసేది ఇంటిది కాదు, అక్కడిదే."

"అయితే?"

"సూది ఎప్పుడు పొడుచుకుంటాడు?"

రన్వా చెయ్యి ఆగింది. "ఇక్కడి రాత్రి తొమ్మిదికి."

"ఎర్ర ముల్లు తొమ్మిది అనగానే పొడుచుకుంటాడు. అప్పటికి ఇక్కడ మధ్యాహ్నం రెండే. నిన్న విమానంలో పొడుచుకున్నది ఇంకా ఒంట్లో ఉండగానే, దాని మీద ఇంకోటి. తరవాత పడుకుంటాడు. పడుకుంటే షుగరు పడిపోయినా తెలీదు. డాక్టరమ్మ నీ ముందేగా చెప్పింది, నిద్రలో పడిపోతే లేవరని!"

"లేవరని చెప్పలేదు. లేవకపోవచ్చని చెప్పింది."

"నాకు రెండూ ఒకటే."

హానుస్ గట్టిగా ఊపిరి వదిలాడు. "వాడు ఇంజినీరు. రెండు చోట్లా ఒకటే టైము కనపడుతుంటే తెలుసుకోలేడా? నీలా కంగారుపడుతూ చూస్తాడనుకున్నావా?"

"నిన్నట్నించి కునుకు లేదు వాడికి. రెండు విమానాలు, ఒక పడవ. మనకే ఇవాళ చర్చి టైము తెలీలేదు, ఇంట్లో నిద్రపోయి లేచినవాళ్ళకి!"

"ఫోనుంది కదా వాడి దగ్గర."

"ఫోనుంటే వాచీ ఎందుకు కొంటాడు?"

హానుస్ బల్ల మీది వాచీకేసి చూశాడు. వాచీ కొనేటప్పుడు వద్దన్నది ఆయనే.

వాడిది గ్యాసు మోసే ఓడ. గ్యాసు అంటుకుంటుందన్న భయంతో తన గది దాటి ఫోను బయటికి తేనివ్వరు. అందుకే జనవరిలో వాన కురుస్తున్న సాయంత్రాలన్నీ ఈ బల్ల దగ్గరే కూచుని, వాడూ నేనూ కంప్యూటరులో వాచీలు చూశాం. పేరున్నవాటి ధరలు చూస్తే కళ్ళు తిరిగాయి. చైనావి చూశాం. అద్దం గీతలు పడనిది కావాలన్నాడు, అంకెలు చీకట్లో కనపడాలన్నాడు, నూనె పడినా తుడిస్తే పోవాలన్నాడు. నాకు అంకెలు పెద్దవైతే చాలు. చివరికి ఇది దొరికింది. రబ్బరు బూట్ల జతకంటే చవక.

"నాది తీసుకో. ముప్పయ్యేళ్ళు ఒక్క నిమిషం తప్పలేదు" అన్నాడు ఆ రోజు హానుస్, తన చేతిది విప్పి.

"అది ఒక్క ఊరి టైమే చెప్తుంది నాన్నా."

"మూడు ముళ్ళతో నేను భూమంతా తిరిగొచ్చాను. చైనావాడి నాలుగో ముల్లు లేకపోతే నీకు దారి తెలీదా?"

"నీకు సూది లేదుగా" అన్నాడు హోగ్ని. హానుస్ తన వాచీ మళ్ళీ చేతికి పెట్టుకున్నాడు.

నాలుగో ముల్లు విడిగా తిప్పుకోవచ్చని కంప్యూటరులో ఆ వాచీ బొమ్మ కింద రాసి ఉంది. పెట్టె వచ్చిన రోజు హోగ్ని బుడిపె సగం లాగి చూపించాడు. నిజంగానే ఎర్రది ఒక్కటే తిరిగింది, మిగతావి కదల్లేదు. నేను చప్పట్లు కొట్టాను. ఎర్రది తిప్పితే మిగతావి కదల్లేదు సరే, మిగతావి తిప్పితే ఎర్రది ఆగుతుందా అని మాలో ఎవరికీ తోచలేదు.

తోచినా తిప్పి చూసేవాళ్ళం కాదు. ఒడ్డున ఉండగా ఓడ టైము పెట్టుకున్నవాడు తిరిగి ఇల్లు చేరడని మా మామగారి కాలంనుంచీ ఈ ఇంట్లో ఒక పట్టింపు. కాలు అక్కడి నేల మీద మోపాకే పెద్ద ముళ్ళు తిప్పాలి. హోగ్ని చిన్నప్పుడు ఆటకి గోడగడియారం తిప్పితే వాళ్ళ నాన్న వీపు మీద ఒక్కటి వేశాడు. ఆ దెబ్బ వాడు మరిచిపోలేదు. మేమూ మరిచిపోలేదు.

"పోనీ, చేతికి అతికించుకునే బిళ్ళ ఉందిగా" అన్నాను, నాకు నేనే ధైర్యం చెప్పుకోవాలని. "షుగరు పడిపోతే అది కూస్తుందిగా."

రన్వా చాకు కింద పెట్టింది.

"పీకేశాడు అత్తయ్యా. శుక్రవారం స్నానం చేస్తూ. ఓడలో చొక్కా విప్పితే కనపడుతుందని."

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"నేను చెప్తే వింటాడా? మీరు చెప్తే విన్నాడా?"

"వేలు గుచ్చి చూసుకునే మిషను?"

"ఉంది. కానీ చూసుకోడు. టైముకి సూది, టైముకి తిండి ఉంటే మిషనుతో పని లేదంటాడు. ఆ వాచీనే నమ్ముకున్నాడు." ఆగింది. తడి చేతులు గౌనుకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. "పోయినసారి కూడా..."

"పోయినసారి ఏమిటి?"

"ఏం లేదు."

"రన్వా!"

హానుస్ కూడా తిరిగి చూశాడు. ఆ అమ్మాయి మొహం ఎప్పుడో కడగాల్సిన గిన్నెలా మాసిపోయి ఉంది.

"మోచేతి మీద మచ్చ ఉందిగా. తలుపు తగిలిందని మీకు చెప్పాడుగా. తలుపు కాదు. ఇంజినుగదిలో మెట్ల కింద పడిపోయాడు. సూది టైము తప్పి రెండుసార్లు పడింది. వంటవాడు చూసి నోట్లో తియ్యటి కూల్‌డ్రింకు పోశాడు. వేడికి కళ్ళు తిరిగాయని అందరికీ చెప్పుకున్నారు. ఆ వంటవాడు ఇప్పుడు ఆ ఓడలో లేడు."

వంటింట్లో ఓవెన్ గంట మోగింది. మోగి మోగి అదే ఆగిపోయింది.

నేనెప్పుడూ చెడే ఆలోచిస్తానని ఇంట్లో అందరూ అంటారు. సముద్రంలో మనుషుల్ని వెతికే హెలికాప్టరు చప్పుడు వినపడితే కాఫీ ఒలకబోసుకుంటాను. హోగ్ని చేపలకి వెళ్ళి ఆలస్యమైతే దుప్పట్లు వెచ్చబెట్టి కూచుంటాను. కానీ ఈ చెడు నేను ఆలోచించింది కాదు. ఇది జరిగిపోయింది. నేను వాడికి స్వెట్టరు అల్లుతూ, మచ్చ చూసి, తలుపులు మెల్లగా వేసుకోరా అని చెప్తూ ఉన్నప్పుడే జరిగిపోయి ఉంది.

"ఇప్పుడైనా చెయ్యి తియ్యి, హానుస్."

తీశాడు. కానీ ఫోను జేబులో వేసుకున్నాడు.

"అయినా చెప్పకు" అన్నాడు. "నన్ను చూడు ఎల్స్పా. నడుం విరిగి ఒడ్డుకొచ్చాక నేనేం చేస్తున్నాను? పొద్దున లేచి ఆ కిటికీ దగ్గర కూచుని ఏ ఓడ వచ్చిందో చూస్తాను. సాయంత్రం ఏ ఓడ పోయిందో చూస్తాను. మనుషులు నన్ను రేవులో పలకరించి, జాలిపడి, తొందరగా పనుందని వెళ్ళిపోతారు. ఇదీ ఒక బతుకేనా?"

"నాతోనేగా బతుకుతున్నావు ఆ బతుకు!"

ఆయన తల దించుకున్నాడు. నేను అనకూడని మాటా కాదు, ఆయన వినకూడని మాటా కాదు. ఇన్నేళ్ళూ ఇద్దరం దాని చుట్టూ తిరుగుతూ వచ్చాం.

"వాడికి ఇంజిన్లు తప్ప ఇంకోటి తెలీదు" అన్నాడు. "ఓడ ఎక్కొచ్చని డాక్టరు రాసిచ్చిన కాగితానికి ఇంకా గడువుంది. గడువు తీరాక ఎలాగూ డాక్టరు ముందు నిలబడాలి, అప్పుడు ఎలాగూ దింపేస్తారు. ఈ ఒక్క ప్రయాణం చెయ్యనీ. నువ్వు ఇవాళ నోరు తెరిస్తే దొంగగా దింపుతారు వాణ్ణి. ఇంకే కంపెనీవాడూ గుమ్మం ఎక్కనివ్వడు. ఆ కిటికీ దగ్గర నా పక్కన ఇంకో కుర్చీ వేస్తావా?"

"వేస్తాను. వాడు కూచోడానికి ఉంటే చాలు."

కోటు విప్పలేదుగా, తలుపు తీస్తే సరిపోయింది. రన్వా వెనకనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు ఇంకా వేడిగా ఉన్నాయి.

"చెప్పేస్తే మిమ్మల్ని జన్మలో క్షమించడు అత్తయ్యా."

"నన్ను తిట్టుకోడానికైనా ఉండాలిగా వాడు."

చెయ్యి వదిలింది. వదిలి తన ఫోను నా చేతిలో పెట్టింది. హోగ్నికి పంపిన సందేశం అందులో కనిపిస్తోంది: వాచీ తప్పు, సూది ఆపు. దాని పక్కన ఒక్క టిక్కే. వాడి ఫోనుకి ఇంకా చేరనే లేదు.

సున్నెవా వాళ్ళిల్లు చేపల ఫ్యాక్టరీ దాటాక, ఏటవాలు మీద. వాన పక్కనుంచి కొడుతోంది. పరిగెడితే ఎవరైనా కిటికీలోంచి చూసి ఎవరికేమైందో అనుకుంటారని నడిచాను. సగం దూరం వచ్చాక పరిగెత్తాను.

"ఏమిటే, మళ్ళీ టైము తప్పావా? భోజనాల వేళ దాటిపోయింది" అని నవ్వుతూ తలుపు తీసింది సున్నెవా. నా మొహం చూసి నవ్వు సగంలో ఆపింది. మేం ఒకే బెంచీ మీద చదువుకున్నాం. నాకు లెక్కలు రాకపోతే తన పలక నా వైపు తిప్పి చూపించేది.

"మార్నర్‌కి ఫోను కలుపు" అన్నాను.

"మార్నర్‌కా? మా ఆయనతో నీకేం పని?"

"హోగ్నితో మాట్లాడాలి. వాడి ఫోను అందడం లేదు."

"రేపటికి అందుతుందిలే. ఓడ ఎక్కిన రోజు ఎవరికి అందుతుంది? లోపలికి రా, తడిసిపోయావు."

"వాచీ తప్పు చూపిస్తోంది వాడికి. ఎర్ర ముల్లు కదులుతుంది. ఆ సంగతి చెప్పాలి."

సున్నెవా నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "వాచీనా? ఓడ నడిపే గదికి శాటిలైటు ఫోను చెయ్యమంటున్నావు, వాచీ కోసం? పెళ్ళయ్యాక నేను ఆ నంబరు రెండంటే రెండుసార్లు తిప్పాను. ఒకసారి మా అమ్మ పోయినప్పుడు, ఒకసారి పిల్ల పుట్టినప్పుడు. ముల్లు కదిలిందని చేస్తే నన్ను ఇంట్లోంచి గెంటేస్తాడే!"

కారణం చెప్తే అంతా చెప్పాలి. సున్నెవాకి తెలిస్తే రేపు చర్చి మెట్లకి తెలుస్తుంది, ఎల్లుండి రేవుకి తెలుస్తుంది. చెప్పకపోతే ఫోను లేదు. కోటు చివరలనుంచి నీళ్ళు ఆమె తుడిచిన నేల మీద పడుతున్నాయి.

"సున్నెవా, నేను నిన్ను ఇంతవరకు ఏదైనా అడిగానా?"

గోడ మీద గడియారం రెండు దాటి చాలా ముందుకి వచ్చింది. దాన్ని చూడకూడదనుకుంటూనే చూశాను.

ఆమె నంబరు నొక్కింది. నాకూ వినపడేలా ఫోను బల్ల మీద పెట్టింది. ఎక్కడో నీళ్ళ అడుగున మోగుతున్నట్టు మోగింది.

"ఎవరు పోయారు?" అదే మార్నర్ మొదటి మాట.

"ఎవరూ పోలేదు. ఎల్స్పా వచ్చింది. హోగ్నితో మాట్లాడాలట."

"పడుకున్నాడు. అర్ధరాత్రి డ్యూటీ ఎక్కాలి. తిండి కూడా వద్దని గదిలోకి పోయాడు. పొద్దున చేస్తాడని చెప్పు."

తిండి కూడా వద్దని.

"లేపు మార్నర్" అన్నాను.

"ఎందుకు?"

ఆ ఒక్క మాటకి నేను ఇంట్లోంచి ఇక్కడిదాకా జవాబు వెతుక్కుంటూనే వచ్చాను. దొరకలేదు. హానుస్ కుర్చీ కనపడింది. దాని పక్కన ఖాళీ కనపడింది.

"వాళ్ళ నాన్నకి బాగోలేదు" అన్నాను.

సున్నెవా నోటి మీద చెయ్యి వేసుకుంది. గంట క్రితమే హానుస్‌ని చర్చి దగ్గర చూసింది కదా. అబద్ధమని తెలిసిపోయింది. అయినా నోరు తెరవలేదు.

మార్నర్ గొంతు మెత్తబడింది. "ఉండు" అన్నాడు. అడుగుల చప్పుడు. ఎవరికో ఏదో చెప్పాడు. తరవాత చాలాసేపు ఇంజిను గుర్రుమంటున్న చప్పుడే. సున్నెవా నాకు కుర్చీ జరిపింది. కూచోలేదు.

"అమ్మా? నాన్నకేమైంది?"

బతికే ఉన్నాడు. నాలిక మడతపడినట్టు ఉంది మాట. నిద్రా, ఇంకేమైనానా, తెలీలేదు.

"వాచీ చేతికుందా, హోగ్నీ?"

"నాన్నకేమైందమ్మా?"

"వాచీ చూడు. ఎర్ర ముల్లు ఎంత అంటోంది?"

"ఏమిటమ్మా నువ్వు... తొమ్మిదిన్నర దాటింది. ఇంట్లో రాత్రయిందిగా. ఎందుకు మేలుకున్నావు?"

సున్నెవా కిటికీలోంచి పగటి వెలుతురు నా చేతుల మీద పడుతోంది.

"ఇక్కడ రాత్రి కాలేదు నాన్నా. మధ్యాహ్నం రెండున్నర. నువ్వు పెద్ద ముళ్ళు తిప్పితే ఎర్రది కూడా తిరిగిపోయింది."

వాడి ఊపిరి వినపడింది, కొంచెం వేగంగా.

"హోగ్నీ, అయిపోయిందా?"

"అయిపోయింది" అన్నాడు. చాలా చిన్నగా.

"ఏం అయిపోయింది?" అది మార్నర్. పక్కనే ఉన్నాడన్నమాట. "ఏం అయిపోయింది హోగ్నీ? మీ నాన్న సంగతేమిటి? నువ్వెందుకు చెమట్లు కక్కుతున్నావు?"

"ఏం లేదు కెప్టెన్. ఇక్కడ వేడి."

వేడి. మెట్ల కింద పడిన రోజు కూడా వేడే.

"మార్నర్!" అన్నాను. "ముందు వాడి చేత పంచదార నీళ్ళు తాగించు. గ్లాసు నిండా పంచదార వేసి. ఇప్పుడే. తరవాత ఏమైనా అడుగు."

"అమ్మా, వద్దు!"

వాడు అంతగా ఎప్పుడూ అరవలేదు. చిన్నప్పుడు కూడా అరవలేదు.

సున్నెవా మెల్లగా కుర్చీలో కూచుంది. మార్నర్ తెలివైనవాడు. చెప్పాల్సిన మిగతా మాటలేవీ నేను చెప్పనక్కర్లేకపోయింది.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు. నన్నో, వాణ్ణో తెలీలేదు.

"నిన్నే అడుగుతున్నాను. ఈ జబ్బు పెట్టుకునేనా నువ్వు గ్యాసు వాల్వులు తిప్పింది? నా ఓడలో? హోగ్నీ! ఎక్కడికి? ఆగు! ఒరేయ్, ఎవరక్కడ, వాణ్ణి ఆపండి!"

ఇనప తలుపు ధడాలుమంది. పరిగెత్తే అడుగులు దూరమయ్యాయి. ఫోను ఎక్కడో బల్ల మీద పడేసినట్టున్నారు, ఖాళీ గది హోరు ఒక్కటే వినపడుతోంది.

"పంచదార నీళ్ళు తాగి వెళ్ళాడా?" అని అడిగాను ఫోనులోకి. "మార్నర్, వాడు తాగి వెళ్ళాడా?"